మెదడు నమూనాల్లో కేవీ2.1 పొటాషియం ఛానల్‌ను యాంటీబాడీతో గుర్తించడం: వెస్టర్న్ బ్లాట్, ఇమ్యునోఫ్లోరసెన్స్ సమగ్ర మార్గదర్శి

కేవీ2.1 కోసం వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో బరువును బట్టి వేరుచేసి, మెంబ్రేన్‌పైకి ఎక్కించి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేసేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు బ్యాండ్ ఎత్తు, అంటే ప్రొటీన్ గీత ఎంత బరువు దగ్గర నిలిచిందన్నది. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం ఈ ప్రొటీన్ బరువు 95 కిలోడాల్టన్ల చుట్టుపక్కల ఉండాలి. ఎలుక మెదడు నమూనాలో మాత్రం బ్యాండ్ 110 నుంచి 125 మధ్య, వెడల్పుగా, అంచులు చెదిరి కనిపిస్తుంది. అదే ల్యాబ్‌లో, అదే సీసాలోని యాంటీబాడీతో మరో వారం చేస్తే ఇంకా కిందికి దిగిపోయి ఉంటుంది. యాంటీబాడీ పాడైందనుకుని కొత్తది తెప్పిస్తారు. దాంతోనూ అంతే. తేడా సీసాలో లేదు. మెదడు బయటికి తీసి చల్లబరిచేలోగా గడిచిన నిమిషాల్లో ఉంది.

అందుకే ఈ మార్గదర్శిలో యాంటీబాడీ పలచన నిష్పత్తుల కంటే నమూనా తీసే పద్ధతికీ, కంట్రోళ్లకూ (ఫలితం నిజమో కాదో తేల్చే పోలిక నమూనాలకు) ఎక్కువ చోటు ఇచ్చాం. కేవీ2.1 విషయంలో సగం ఫలితం యాంటీబాడీ మూత తెరవకముందే తేలిపోతుంది.

మనం పట్టుకోబోయేది ఏమిటి

కేవీ2.1 వోల్టేజీని బట్టి తెరుచుకునే పొటాషియం ఛానల్. మనుషుల్లో దీని జన్యువు పేరు కేసీఎన్‌బీ1. ఎలుక మెదడు నుంచి దీన్ని 1989లో క్లోన్ చేశారు. మెదడులో ఈ ప్రొటీన్‌ను యాంటీబాడీతో గుర్తించిన పరిశోధనను జేమ్స్ ట్రిమ్మర్ 1991లో ప్రచురించారు. ఒక్కో ఉపభాగం పొరను ఆరుసార్లు దాటుతుంది. అలాంటివి నాలుగు కలిస్తే ఒక ఛానల్. ప్రొటీన్లను విప్పదీసే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న జెల్‌లో ఆ నాలుగూ విడిపోతాయి కాబట్టి మనం చూసేది ఒక్క ఉపభాగాన్నే.

రెండు సంగతులు గుర్తు పెట్టుకుంటే తర్వాతి పనంతా తేలికవుతుంది. మొదటిది, ప్రొటీన్ రెండు కొనలూ కణం లోపలే ఉంటాయి. సీ-కొన (గొలుసు చివరి కొన) ఒక్కటే మొత్తం పొడవులో దాదాపు సగం. చాలా యాంటీబాడీలు ఆ కొనకే అతుక్కుంటాయి కాబట్టి కణపొరకు రంధ్రాలు చేయకుండా స్టెయిన్ చేస్తే (ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో మెరిసే రంగున్న యాంటీబాడీ పట్టిస్తే) ఏమీ కనిపించదు.

రెండోది, ఆ సీ-కొన నిండా ఫాస్ఫేట్లు ఉంటాయి. ఫాస్ఫేట్ చేరే స్థానాలు 16 ఉన్నాయనీ, వాటిలో ఏడింటిని కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ తీసేస్తుందనీ 2006లో వచ్చిన పరిశోధన చూపింది. ఫాస్ఫేట్లు ఎక్కువగా ఉంటే బ్యాండ్ పైన నిలుస్తుంది, పోతే కిందికి జారుతుంది. కాల్సిన్యూరిన్‌కు కాల్షియం కావాలి. ఆక్సిజన్ అందని న్యూరాన్‌లో కాల్షియం పెరుగుతుంది. అంటే జంతువు ఊపిరాడక చనిపోయినా, మెదడు తీయడం ఆలస్యమైనా ఫాస్ఫేట్లు రాలిపోతాయి. పొరపై గుంపులుగా ఉన్న ఛానళ్లు కూడా చెదిరిపోతాయి. బ్లాట్‌లో బ్యాండ్ జారడం, మైక్రోస్కోప్ కింద చుక్కలు మాయమవడం ఒకే కారణానికి రెండు రూపాలు.

యాంటీబాడీ ఎంపిక

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా సలహా మౌస్ మోనోక్లోనల్ (ఒకే కణవంశం నుంచి వచ్చే, ఎప్పుడూ ఒకేలా ఉండే యాంటీబాడీ), అందులోనూ కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లోని న్యూరోమ్యాబ్ తయారుచేసిన కే89/34 క్లోన్. ఇది ఐజీజీ1 అనే యాంటీబాడీ ఉపరకం. సీ-కొన చివర ఉన్న చిన్న పెప్టైడ్‌కు (అమైనో ఆమ్లాల ముక్కకు) వ్యతిరేకంగా తయారైంది. బ్లాట్‌కూ, స్టెయినింగ్‌కూ రెండింటికీ వాడొచ్చు. మోనోక్లోనల్ ఎందుకంటే, పాలీక్లోనల్ సీరం (జంతువు రక్తం నుంచి తీసే యాంటీబాడీల మిశ్రమం) కుందేలు మారినప్పుడల్లా మారుతుంది. ఈ ఏడాది బాగున్న కేటలాగ్ నంబరే వచ్చే ఏడాది వేరే బ్యాండ్లు చూపవచ్చు. పాలీక్లోనల్ తప్పనిసరైతే ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఒకే లాట్ కొనిపెట్టుకోండి.

ఏ కంపెనీ సీసా అయినా డేటాషీట్‌లో నాలుగు విషయాలు వెతకండి: ఏ పెప్టైడ్‌కు లేదా ఏ భాగానికి తయారైంది, ఏ జంతువులో తయారైంది, ఐజీజీ ఉపరకం ఏమిటి, జన్యువు తీసేసిన ఎలుక నమూనాతో పరీక్షించారా. నాలుగోది లేకపోతే మిగతా మూడూ ఎంత బాగున్నా ఆ పరీక్ష భారం మీమీద పడుతుంది. కేవీ2.2 దీనికి అతి దగ్గరి బంధువు. రెండింటికీ పోలిక ఉన్న భాగానికి తయారైన యాంటీబాడీ రెండింటినీ పట్టుకుంటుంది. పెప్టైడ్ వరుస దొరికితే కేవీ2.2 వరుసతో పక్కపక్కన పెట్టి చూసుకోండి, పది నిమిషాల పని.

సీసా వచ్చిన రోజు

పొడి రూపంలో వస్తే మూత తీయకుండా ముందు 10,000 జీ వద్ద 30 సెకన్లు స్పిన్ చేయండి. పొడి మూతకు అంటుకుని ఉంటుంది, తెరిచినప్పుడు ఎగిరిపోతుంది. లేబుల్‌పై 50 మైక్రోగ్రాములు అని ఉండి, అందులో 50 మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లు కలపమంటే ఒక మి.లీ.కి ఒక మిల్లీగ్రాము గాఢత వస్తుంది. కింద ఇచ్చిన పలచన లెక్కలన్నీ ఈ గాఢతకే. నీళ్లు పోశాక పిపెట్‌తో నురగ వచ్చేలా కొట్టొద్దు. పది నిమిషాలు ఐస్‌లో ఉంచి వేలితో మెల్లగా తట్టండి.

తర్వాత 5 నుంచి 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. ఇంతకంటే చిన్న అలికాట్‌లో చాలా భాగం ట్యూబు గోడకే అంటుకుంటుంది. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు, 4 డిగ్రీల్లో ఉంచుకుని కొన్ని వారాల్లో వాడేయండి. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లు మంచు కరిగించుకోవడానికి తమంతట తామే అప్పుడప్పుడూ వేడెక్కుతాయి, యాంటీబాడీకి అవి పనికిరావు. కరెంటు తరచూ పోయే చోట అలికాట్లను గడ్డకట్టిన జెల్ ప్యాక్‌ల మధ్య, థర్మాకోల్ పెట్టెలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే కొన్ని గంటలు గట్టెక్కుతాయి.

ప్రతి ట్యూబుపైనా క్లోన్ పేరు, లాట్ నంబరు, కరిగించిన తేదీ రాయండి.

కంట్రోళ్లు ముందే సిద్ధం చేసుకోవాలి

అసలు నమూనా కంటే ముందు కంట్రోళ్లతో బ్లాట్ చేయడం తప్పనిసరి. ఉత్తమమైనది కేవీ2.1 జన్యువు లేని ఎలుక మెదడు. ఆ ఎలుకలు బతికే ఉంటాయి కాబట్టి, వాటిని పెంచే ల్యాబ్ నుంచి చిన్న ముక్క అడిగి తెచ్చుకోవడం సాధ్యమే. అది దొరకకపోతే ల్యాబ్‌లో పెంచే హెచ్‌ఈకే293 మానవ కణాల్లో మూడు ప్లేట్లు వేయండి: ఖాళీ ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్‌ఏ వలయం) ఒకదానికి, కేవీ2.1 ఇంకోదానికి, కేవీ2.2 మూడోదానికి. సరైన యాంటీబాడీ రెండో లేన్‌లో (జెల్‌లో ఒక్కో నమూనా నడిచే వరుస లేన్) గట్టి బ్యాండ్ ఇస్తుంది, మూడోదాన్ని పట్టించుకోదు. ఈ కణాల్లో వచ్చే బ్యాండ్ మెదడు బ్యాండ్ కంటే కొంచెం కింద ఉంటే కంగారు పడొద్దు. ఫాస్ఫేట్లు చేర్చే తీరు కణాన్ని బట్టి మారుతుంది.

పెప్టైడ్‌తో యాంటీబాడీని ముందే నింపేసి, బ్యాండ్ పోయిందని చూపించే పాత పద్ధతిపై మాకు పెద్దగా నమ్మకం లేదు. యాంటీబాడీ ఆ పెప్టైడ్‌కు అతుక్కుంటుందని మాత్రమే అది చెబుతుంది. పొరపాటున ఇంకో ప్రొటీన్‌కు అతుక్కుంటున్నా ఆ బ్యాండ్ కూడా పెప్టైడ్‌తో మాయమవుతుంది. దాన్ని అదనపు ఆధారంగా వాడుకోవచ్చు, ఏకైక ఆధారంగా కాదు.

రెండో యాంటీబాడీ (మొదటి యాంటీబాడీకి అతుక్కుని సిగ్నల్ ఇచ్చేది) మాత్రమే వేసిన లేన్ కూడా ఉండాలి. ఎలుక మెదడుపై మౌస్ యాంటీబాడీ వాడితే, రక్తంలో మిగిలిన ఐజీజీని కూడా రెండో యాంటీబాడీ పట్టుకుంటుంది. బ్లాట్‌లో ఆ బ్యాండ్లు 50, 25 దగ్గర వస్తాయి కాబట్టి కేవీ2.1కు అడ్డు రావు. స్టెయినింగ్‌లో మాత్రం రక్తనాళాలు మెరుస్తాయి.

నమూనా తీయడం

జంతువులతో పని చేసేవాళ్లు మన దేశంలో సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలపై కేంద్ర ప్రభుత్వ కమిటీ) నిబంధనల కింద సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఏ పద్ధతిలో ప్రాణం తీస్తారన్నది ఆ దరఖాస్తులోనే ఖరారవుతుంది కాబట్టి ఫాస్ఫేట్ల సంగతి అప్పుడే ఆలోచించండి. కార్బన్ డయాక్సైడ్‌తో చనిపోయిన జంతువు మెదడులో కేవీ2.1 ఫాస్ఫేట్లు కోల్పోయి ఉంటుంది. ప్రశ్న ఫాస్ఫేట్ల గురించే అయితే వేగంగా ముగిసే, అనుమతి పొందిన వేరే పద్ధతి కావాలి. అన్ని జంతువులకూ ఒకే పద్ధతి, ఒకే వ్యవధి పాటించాలి. కంట్రోల్ గుంపును ఉదయం చురుగ్గా తీసి, ప్రయోగ గుంపును సాయంత్రం నెమ్మదిగా తీస్తే వచ్చే తేడా మందు వల్ల వచ్చింది కాదు.

లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం), 50 మి.లీ.కి:

- 1 మోలార్ ట్రిస్, పీహెచ్ 7.5: 2.5 మి.లీ.
- 5 మోలార్ సోడియం క్లోరైడ్: 1.5 మి.లీ.
- 10% ట్రైటాన్ ఎక్స్-100: 5 మి.లీ.
- 0.5 మోలార్ ఈజీటీఏ: 0.1 మి.లీ.
- 0.5 మోలార్ సోడియం ఫ్లోరైడ్: 1 మి.లీ.
- నీళ్లు: 39.9 మి.లీ.

ఈజీటీఏ కాల్షియంను బంధించి కాల్సిన్యూరిన్‌ను ఆపుతుంది, ఫ్లోరైడ్ సెరీన్, థ్రియోనీన్‌లపై ఉన్న ఫాస్ఫేట్లను కాపాడుతుంది. చాలామంది ఆర్థోవెనడేట్ ఒక్కటే వేసి ఫాస్ఫటేజ్‌ను (ఫాస్ఫేట్లు తీసేసే ఎంజైమ్‌ను) ఆపామనుకుంటారు. అది ప్రధానంగా టైరోసీన్ ఫాస్ఫటేజ్‌లకు మందు, ఇక్కడ పని ఫ్లోరైడ్‌దీ ఈజీటీఏదీ. ఫ్లోరైడ్ ద్రావణం గాజును తింటుంది, ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి.

ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ మిశ్రమం, పీఎంఎస్ఎఫ్ ఆఖరి నిమిషంలో కలపాలి. పీఎంఎస్ఎఫ్‌ను ఐసోప్రొపనాల్‌లో 100 మిల్లీమోలార్ స్టాక్‌గా చేసుకుని, మి.లీ.కి 10 మైక్రోలీటర్లు వేయండి. నీళ్లలో పడ్డాక దాని బలం గంటలోనే సగానికి పడిపోతుంది. పొద్దున కలిపిన బఫర్‌ను మధ్యాహ్నం వాడితే అది లేనట్టే. ఇది విషం కూడా, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

కల్చర్ కణాలకు ఇది నేరుగా చాలు. 35 మి.మీ. డిష్‌కు 150 మైక్రోలీటర్లు పోసి, ఐస్‌పై 20 నిమిషాలు ఉంచి, గీరి, 4 డిగ్రీల్లో 14,000 జీ వద్ద 10 నిమిషాలు స్పిన్ చేసి పైద్రవం తీసుకోండి. మెదడుకైతే పొరల భాగాన్ని వేరు చేస్తే సిగ్నల్ చాలా మెరుగవుతుంది:

1. 0.32 మోలార్ సుక్రోజ్ (100 మి.లీ.కి 10.95 గ్రాములు), 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ 7.4, 100 మిల్లీమోలార్ ఫ్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈజీటీఏ కలిపి ఐస్‌లో చల్లబరచండి. పీఎంఎస్ఎఫ్ వాడే ముందు వేయండి.
2. గ్రాము మెదడుకు 10 మి.లీ. పోసి, టెఫ్లాన్ రోకలి ఉన్న గాజు హోమోజినైజర్‌లో పది పన్నెండు సార్లు పైకీ కిందికీ నూరండి. నురగ రానివ్వద్దు.
3. 1,000 జీ, 10 నిమిషాలు, 4 డిగ్రీలు. అడుగున కేంద్రకాలు, పగలని ముక్కలు ఉంటాయి. పైద్రవం తీసుకోండి.
4. 40,000 జీ, గంటన్నర. ఈసారి అడుగున ఉన్నదే మనకు కావలసింది. పైద్రవం పారబోయండి.
5. అడుగు భాగాన్ని కొద్ది సుక్రోజ్ బఫర్‌లో కలిపి, బీసీఏ పద్ధతిలో ప్రొటీన్ కొలిచి, అలికాట్లు చేసి మైనస్ 80లో దాచండి.

జెల్‌కు ముందు వేడి: ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు

శాంపిల్ బఫర్ కలిపి 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉడికించడం ల్యాబ్‌లలో అలవాటైపోయింది. పొరను చాలాసార్లు దాటే ప్రొటీన్లకు ఆ అలవాటు ప్రమాదం. నూనెగుణం ఉన్న భాగాలు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఆ ముద్ద జెల్‌లోకి దిగదు. ఫిల్మ్‌పై, నమూనా పోసిన జెల్ గుంట అంచున నల్లటి గీత, కింద ఖాళీ.

అందుకే మొదటి ప్రయోగంలోనే ఒకే నమూనాను మూడు భాగాలు చేయండి: 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, 70లో 10 నిమిషాలు, 95లో 5 నిమిషాలు. మూడింటినీ పక్కపక్క లేన్లలో నడపండి. ఏది శుభ్రమైన బ్యాండ్ ఇస్తే ఇక ఎప్పటికీ అదే పాటించండి. ప్రొటీన్ల మధ్య బంధాలను విడదీసే డీటీటీ 100 మిల్లీమోలార్ తాజాగా వేయాలి. తగ్గితే ఉపభాగాలు పూర్తిగా విడిపోక, 200 పైన కూడా బ్యాండ్లు తేలతాయి.

8% జెల్, 10 మి.లీ.కి: నీళ్లు 4.6, 30% యాక్రిలమైడ్ 2.7, 1.5 మోలార్ ట్రిస్ పీహెచ్ 8.8 2.5, 10% ఎస్‌డీఎస్ 0.1, 10% ఏపీఎస్ 0.1 మి.లీ., టెమెడ్ 6 మైక్రోలీటర్లు. గట్టిపడని యాక్రిలమైడ్ నాడులకు విషం, గ్లవ్స్ తప్పనిసరి. లేన్‌కు మెదడు పొరల భాగమైతే 20 మైక్రోగ్రాములు, మొత్తం లైసేట్ అయితే 30 నుంచి 40. ఫాస్ఫేట్ల వల్ల వచ్చే జారుడు చూడాలనుకుంటే నీలం రంగు గీత కింద నుంచి బయటికి పోయాక కూడా, 50 కిలోడాల్టన్ల మార్కర్ అడుగుకు చేరేదాకా నడపండి. అప్పుడు 95కీ 125కీ మధ్య చూపుకు అందేంత దూరం వస్తుంది.

ట్రాన్స్‌ఫర్

సెమీ-డ్రై కంటే తడి ట్రాన్స్‌ఫర్ నమ్మదగింది. లీటరుకు ట్రిస్ 3.03 గ్రాములు, గ్లైసీన్ 14.4 గ్రాములు, మిథనాల్ 200 మి.లీ. మిథనాల్ జెల్‌ను బిగుసుకునేలా చేసి పెద్ద ప్రొటీన్లను లోపలే ఆపుతుంది. బ్యాండ్ బలహీనంగా ఉంటే మిథనాల్‌ను 100 మి.లీ.కి తగ్గించి చూడండి. 0.45 మైక్రాన్ల పీవీడీఎఫ్ మెంబ్రేన్‌ను మిథనాల్‌లో 30 సెకన్లు ముంచి, తర్వాత ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో ఐదు నిమిషాలు ఉంచండి. 4 డిగ్రీల గదిలో 100 వోల్టులు, 90 నిమిషాలు. లేదా 30 వోల్టులు, రాత్రంతా.

తీశాక పాన్సో ఎస్ రంగు వేసి మొత్తం మెంబ్రేన్ ఫోటో తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ జరిగిందో లేదో తెలియడానికి మాత్రమే కాదు, ఇక్కడ అదే మంచి లోడింగ్ కంట్రోల్ (ప్రతి లేన్‌లో సమానంగా ప్రొటీన్ పడిందని చూపేది) కూడా. ఇందుకు మామూలుగా వాడే యాక్టిన్, జీఏపీడీహెచ్ ప్రొటీన్లు పొరల భాగంలో అర్థం లేనివి. పొర ప్రొటీన్ కదా అని సోడియం-పొటాషియం ఏటీపేజ్ ఆల్ఫా వాడితే అది 100 నుంచి 110 దగ్గర, సరిగ్గా మన బ్యాండ్ పక్కనే కూర్చుంటుంది. రెండూ మౌస్ యాంటీబాడీలైతే ఏది ఏదో తేల్చలేరు.

యాంటీబాడీ వేయడం

టీబీఎస్‌టీ అంటే ఇక్కడ 20 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 0.1% ట్వీన్-20. అందులో 5% వెన్న తీసిన పాలపొడి కలిపి గంటసేపు బ్లాక్ చేయండి. పాలు కే89/34 లాంటి మామూలు యాంటీబాడీకి సరిపోతాయి. ఫాస్ఫేట్ ఉన్న రూపాన్నే గుర్తించే యాంటీబాడీ అయితే పాలు వద్దు, 3% బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) వాడండి. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి.

ప్రోటోకాల్స్‌లో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో, కరీంనగర్‌లోనో ఏసీ ఆగిపోయిన గది 35 దాటుతుంది. అక్కడ గంట బ్లాకింగ్‌లో పాలు పుల్లబడతాయి, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. అలాంటి చోట బ్లాకింగ్‌తో సహా అన్నీ 4 డిగ్రీల్లో, సమయం రెట్టింపు చేసి చేయండి.

మొదటి యాంటీబాడీ 1:1,000తో మొదలుపెట్టండి. అంటే 10 మి.లీ. బ్లాకింగ్ ద్రావణంలో 10 మైక్రోలీటర్లు, మి.లీ.కి ఒక మైక్రోగ్రాము. రాత్రంతా 4 డిగ్రీల్లో మెల్లగా ఊపుతూ ఉంచండి. మొదటిసారి మెంబ్రేన్‌ను నిలువుగా మూడు ముక్కలు కోసి 1:500, 1:1,000, 1:2,000 ఒకేసారి పెడితే తర్వాత నెలలపాటు సందేహం ఉండదు. శుద్ధి చేయని కల్చర్ ద్రవంగా దొరికే యాంటీబాడీ అయితే ఈ లెక్క వర్తించదు, అది 1:5, 1:10 లాంటి నిష్పత్తుల్లో వాడేది.

ఉదయం టీబీఎస్‌టీతో పదేసి నిమిషాలు మూడుసార్లు కడగండి. హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన యాంటీ-మౌస్ ఐజీజీ1 (ఇదే రెండో యాంటీబాడీ) 1:10,000, గంటసేపు. మళ్లీ మూడు కడుగులు. ఈ దశ ద్రావణాల్లో ఎక్కడా సోడియం అజైడ్ ఉండకూడదు, హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది. ఈసీఎల్ (హెచ్‌ఆర్‌పీ తగిలితే వెలుగిచ్చే ద్రావణం) పోసి 5, 30, 120 సెకన్ల ఎక్స్‌పోజర్లు తీసుకోండి. కొలతకు పిక్సెళ్లు నిండిపోని ఎక్స్‌పోజరే వాడాలి. కళ్లకు అందంగా కనిపించే నల్లటి బ్యాండ్ కొలతకు పనికిరాదు.

బ్యాండ్ నిజంగా కేవీ2.1దేనా: ఫాస్ఫటేజ్ పరీక్ష

వెడల్పాటి, ఎత్తులో నిలిచిన బ్యాండ్ ఫాస్ఫేట్ల వల్లే అని చూపడానికి ఒక పూట చాలు. ఫ్లోరైడ్, ఈజీటీఏ లేని బఫర్‌లో 50 మైక్రోగ్రాముల పొరల భాగాన్ని కరిగించండి. లామ్డా ఫాస్ఫటేజ్ 400 యూనిట్లు, 1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్, ఎంజైమ్‌తో వచ్చిన బఫర్ కలిపి 30 డిగ్రీల్లో అరగంట. పక్కన మరో ట్యూబులో అన్నీ ఇవే వేసి, ఎంజైమ్ వదిలేయండి. మూడో ట్యూబు ఐస్‌పైనే ఉండాలి.

సరిగ్గా జరిగితే ఎంజైమ్ ఉన్న లేన్‌లో బ్యాండ్ సన్నబడి 95, 100 దగ్గరికి దిగుతుంది. ఎంజైమ్ లేని రెండో ట్యూబులో కూడా సగం దిగితే, నమూనాలోని సొంత ఫాస్ఫటేజ్‌లు అరగంటలో ఎంత పని చేయగలవో కళ్లారా చూసినట్టే. బ్యాండ్ అసలు కదలకపోతే రెండు అవకాశాలు: నమూనా తీసేటప్పుడే ఫాస్ఫేట్లు పోయాయి, లేదా మీరు చూస్తున్న బ్యాండ్ కేవీ2.1 కాదు. ఏది నిజమో తేల్చేది హెచ్‌ఈకే293 లేదా జన్యువు తీసేసిన ఎలుక లేన్.

ఇమ్యునోఫ్లోరసెన్స్: కల్చర్ న్యూరాన్లలో

రెండు వారాలు దాటిన హిప్పోక్యాంపస్ న్యూరాన్లు, 12 మి.మీ. కవర్‌స్లిప్‌లపై.

ఫిక్సేటివ్ (కణాలను ఉన్నవున్నట్టు నిలిపే ద్రావణం) ఆ రోజే చేసుకోండి: 4 గ్రాముల పారాఫార్మాల్డిహైడ్‌ను ఫ్యూమ్ హుడ్‌లో 60 డిగ్రీల వేడి పీబీఎస్ (ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ బఫర్) 80 మి.లీ.లో వేసి, తేటపడేదాకా సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలుగా కలపండి. 4 గ్రాముల సుక్రోజ్ వేసి, చల్లారాక పీహెచ్ 7.4కు తెచ్చి, 100 మి.లీ. చేసి వడకట్టండి.

ఇక అసలైన ఘట్టం. ఫిక్సేటివ్‌ను ముందే 37 డిగ్రీలకు తెచ్చి, ఇంక్యుబేటర్ పక్కనే పెట్టుకోండి. ప్లేట్ బయటికి తీసిన వెంటనే మీడియం పీల్చి, ఫిక్సేటివ్‌ను గోడ వెంబడి వదలండి. మధ్యలో పీబీఎస్ కడుగులు వద్దు, ఐస్‌పై పెట్టొద్దు, మైక్రోస్కోప్ కింద ఒకసారి చూసి వద్దామనుకోవద్దు. దెబ్బతిన్న న్యూరాన్లు వదిలే గ్లుటమేట్ పక్క న్యూరాన్లలో కాల్షియం పెంచుతుంది. 10 మైక్రోమోలార్ గ్లుటమేట్ పది నిమిషాల్లో గుంపులన్నీ చెదరగొడుతుందని 2004లోనే చూపించారు.

1. గది ఉష్ణోగ్రతలో 15 నిమిషాలు ఫిక్స్ చేయండి. పీబీఎస్‌తో మూడు కడుగులు.
2. 4% పాలపొడి, 0.1% ట్రైటాన్ కలిపిన పీబీఎస్‌లో గంటసేపు. బ్లాకింగ్, రంధ్రాలు చేయడం రెండూ ఇక్కడే అయిపోతాయి. పాలను ముందే స్పిన్ చేసి గడ్డలు తీసేయకపోతే అవే చుక్కల్లా మెరుస్తాయి.
3. పారాఫిల్మ్‌పై 50 మైక్రోలీటర్ల చుక్క, అందులో యాంటీబాడీ 1:500. తోడుగా కోడి లేదా కుందేలు యాంటీ-మ్యాప్2 (న్యూరాన్ కొమ్మలైన డెండ్రైట్లను చూపే యాంటీబాడీ). కవర్‌స్లిప్‌ను కణాలు కిందికి ఉండేలా బోర్లించండి. చుట్టూ తడి టిష్యూ పెట్టి మూత వేసి గంటసేపు.
4. మూడు కడుగులు. ఫ్లోరసెంట్ యాంటీ-మౌస్ ఐజీజీ1, మ్యాప్2కు తగిన రెండో యాంటీబాడీ, రెండూ 1:1,000, చీకట్లో 45 నిమిషాలు.
5. మూడు కడుగులు, మౌంటింగ్ మీడియం, రాత్రంతా ఆరనివ్వండి.

63 ఎక్స్ ఆయిల్ లెన్స్ కింద ఫోకస్‌ను కణం అడుగు పొరకు తెచ్చి చూడండి. సోమా (కణదేహం) మీద, డెండ్రైట్ మొదలులో ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉండే మెరిసే మచ్చలు, మధ్యలో చీకటి. డెండ్రైట్ వెంట దూరం వెళ్లేకొద్దీ మచ్చలు పలచబడి ఆగిపోతాయి. యాక్సాన్ మొదటి భాగంలోనూ ఇవి కనిపిస్తాయి. ఫోకస్ మధ్యకు తెస్తే మచ్చలు కణం చుట్టూ తెగిపోయిన గీతలా మారతాయి. ఈ మార్పు కనిపిస్తే స్టెయిన్ పొర మీద ఉందన్న మాట. కేంద్రకం నిండా సమంగా మెరుపు వస్తే అది కేవీ2.1 కాదు, యాంటీబాడీ ఎక్కువైంది లేదా తప్పు చోట అతుక్కుంది.

ఒక కవర్‌స్లిప్‌ను కావాలని గ్లుటమేట్‌లో పది నిమిషాలు ఉంచి పక్కన స్టెయిన్ చేయండి. మొత్తం ప్రొటీన్ అంతే ఉండి, మచ్చలు కరిగి సోమా అంతా సమంగా పరుచుకోవాలి. మీ మామూలు కవర్‌స్లిప్ కూడా దానిలాగే ఉంటే కణాలు ఫిక్సేటివ్‌లో పడేలోపే బాధపడ్డాయి.

మెదడు ముక్కల్లో చేసేవాళ్లు గుండె ద్వారా ముందు సెలైన్, తర్వాత 4% పారాఫార్మాల్డిహైడ్ పంపి, 40 మైక్రాన్ల మందంతో కోయండి. రక్తం పూర్తిగా కడిగితే రక్తనాళాల మెరుపు తగ్గుతుంది. మెదడును ఫిక్సేటివ్‌లో రోజుల తరబడి వదిలేస్తే యాంటీబాడీ అతుక్కునే చోటు మూసుకుపోతుంది. నాలుగు గంటలు చాలు, ఆపై 30% సుక్రోజ్‌లోకి మార్చండి.

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం

బ్యాండ్ అసలు రాకపోతే ముందు పాన్సో ఫోటో చూడండి. ప్రొటీన్ ఉంటే హెచ్‌ఈకే293 లేన్ చూడండి. అందులో బ్యాండ్ వచ్చి మీ నమూనాలో రాకపోతే యాంటీబాడీ బాగానే ఉంది, నమూనాలో సరిపడా ప్రొటీన్ లేదు, పొరల భాగానికి మారండి. రెండింట్లోనూ రాకపోతే అజైడ్, పాత ఈసీఎల్, తప్పు ఉపరకం రెండో యాంటీబాడీ ఈ వరుసలో వెతకండి. ఐజీజీ2ఏ కోసం చేసిన రెండో యాంటీబాడీ కే89/34ను చూడదు. ఈ పొరపాటు అనుకున్నదానికంటే ఎక్కువసార్లు జరుగుతుంది.

బ్యాండ్ మధ్యలో తెల్లగా, చుట్టూ నల్లగా వస్తే హెచ్‌ఆర్‌పీ ఎక్కువై ఈసీఎల్ అక్కడే ఖర్చయిపోయింది. రెండో యాంటీబాడీని 1:20,000కు పలచన చేయండి. మెంబ్రేన్ అంతా మచ్చలుగా ఉంటే మధ్యలో ఎక్కడో ఆరిపోయింది. 60, 70 దగ్గర బ్యాండ్ తాజా నమూనాలో లేకుండా, పాత అలికాట్‌లో మాత్రమే కనిపిస్తే ప్రొటీన్ విరిగిందన్నమాట. తాజా నమూనాలోనూ, జన్యువు లేని ఎలుకలోనూ అదే చోట కనిపిస్తే అది వేరే ప్రొటీన్, దాన్ని లెక్కలోంచి తీసేసి పత్రంలో ఆ మాట రాయండి.

బ్యాండ్ ఎత్తు జంతువుకూ జంతువుకూ మారుతుంటే యాంటీబాడీ మార్చకండి. మత్తు ఇచ్చిన సమయం, మెదడు బయటికి వచ్చిన సమయం, ఐస్‌లో పడ్డ సమయం ప్రతి జంతువుకూ గడియారం చూసి రాసుకుని, ఆ నిమిషాలను బ్యాండ్ ఎత్తుల పక్కన పెట్టండి.